చప్పుడు లేదు

సరైన అంకె వేసి కంప్యూటర్‌లో లెక్కను మళ్లీ నడిపించేసరికి, తెరమీద కార్బన్ ఫైబర్ కృత్రిమ పాదం మడమ దగ్గర ఎర్రటి చార పాకింది. అశ్విని తెరకు దగ్గరగా వంగింది.

పాత అంకె పెట్టింది ఆమే. పొరలు పొరలుగా అతికించిన ఆ పాదంలో చీలిక ఎలా పాకుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టి చూడటం ఆమె పని. చీలిక ఒక్కసారిగా పాకితే కంప్యూటర్ చేతులెత్తేసి లెక్క మధ్యలో ఆపేస్తుంది. ఆగకుండా ఉండాలంటే చీలికకు కాస్త కళ్లెం వేసే అంకె ఒకటి ఇవ్వాలి. అది ఎంత చిన్నదైతే ఫలితం అంత నిజం. మూడేళ్ల కిందట గడువు నెత్తిమీద కూర్చుంటే, అశ్విని దాన్ని వంద రెట్లు పెంచింది. రేపు మార్చేద్దాంలే అనుకుంది. ఆ రేపు రానేలేదు. అదే ఫైలును అందరూ కాపీ కొట్టుకుంటూ వచ్చారు. పాదం రెండేళ్లు మన్నుతుందన్న రిపోర్టు కింద సంతకమూ ఆమెదే.

ఇప్పుడు లెక్క ఏడు నెలలంటోంది.

ఆ పాదం తొడుక్కుని రాములు ఎనిమిది నెలలుగా తిరుగుతున్నాడు. రాయదుర్గంలో వాళ్ల ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అతను. చందానగర్‌లో లారీ కింద పడి మోకాలి కింద కాలు పోగొట్టుకున్నవాడు. పాదాన్ని వాడి చూడటానికి మనిషి కావాలని కంపెనీ అడిగితే తనే ముందుకొచ్చాడు.

అశ్విని పరుగున వెళ్లి మేనేజర్ మధుసూదన్‌కు చెప్పింది. ఆయన టీ చప్పరిస్తూ విన్నాడు.

"అశ్విని గారూ, మనిషి నడుస్తున్నాడు కదండీ! ఎనిమిది నెలల ఫారాలున్నాయి. ఒక్కదాంట్లోనైనా చప్పుడుందని రాశారా? రిపోర్టు సంగతి వచ్చే నెల చూద్దాంలెండి."

పొరలు విడివడటం మొదలైతే అడుగడుక్కీ టిక్కుమంటుంది. అందుకే ప్రతి సోమవారం అశ్విని రాములును అడిగేది. "లేదు మేడం" అనేవాడు. ఫారంలో 'చప్పుడు లేదు' అని రాసుకునేది. ఆ మాట పట్టుకుని తనూ ఊరుకుంటే ఉద్యోగం నిలబడుతుంది, పరువు దక్కుతుంది. ఊరుకోవాలనే ఉంది ఆమెకు. కానీ ఒక సంగతి గుర్తొచ్చింది. ఇన్ని సోమవారాలూ తను అడిగింది గేటు దగ్గర, కార్ల హారన్ల మధ్య నిలబడి. ఒక్కసారీ తన చెవితో వినలేదు.

ఫారాల సంచి తీసుకుని కిందికి దిగింది.

"రాములన్నా, కాస్త మెట్ల గదిలోకి రా."

"ఏంది మేడం? ఇయ్యాల సోమవారం గాదు గద!"

లోపల తలుపు మూసి, నడవమంది. రాములు కదల్లేదు. మళ్లీ అడిగితే నాలుగడుగులు వేశాడు.

టిక్. టిక్.

"ఎన్నాళ్ల నుంచన్నా?"

"రెండు నెల్ల సంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే గుంజుకుంటరు గద మేడం. మల్ల సంక కట్టెలు పట్టుకుని నిలబడితే గేటు కాడ ఎవరు ఉండనిస్తరు?" రాములు తల వంచుకున్నాడు. "అయినా మీరు కంప్యూటర్ల చూసిన్రు, రెండేండ్లు ఏం గాదన్నరు. ఇగ నాకేం ఫికర్ అనుకున్న."

అశ్విని ఆ కాలివైపు చూసింది. తనేమో ఇతని మాట చూసుకుని ధైర్యంగా ఉంది. ఇతనేమో తన లెక్క చూసుకుని.

"నా లెక్క తప్పన్నా. ఎప్పుడైనా విరగొచ్చు. ఇప్పుడే విప్పెయ్."

రాములు ఆమె మొహంలోకి చూశాడు. మెట్టు మీద కూర్చుని, మెల్లగా కాలు విప్పి ఒడిలో పెట్టుకున్నాడు.

"మల్ల ఎప్పుడిస్తరు?"

అశ్విని సంచిలోంచి ఫారం తీసి, అతని ఎదుటే రాసింది: 'చప్పుడు ఉంది. రెండు నెలలుగా. రిపోర్టు తప్పు, నాదే.' సంతకం పెట్టింది.

బయట గేటు దగ్గర కారు హారన్ గట్టిగా మోగింది. ఒడిలో కాలున్న సంగతి మరిచిపోయి రాములు లేవబోయాడు. అశ్విని అతన్ని రెండు చేతులా పట్టుకుంది.