వెనక నిలబడ్డవాళ్లు

నేను ఒక నలుపు తెలుపు ఫొటోని. అరచేతికన్నా కాస్త పెద్దగా ఉంటాను. నన్ను తీసింది టౌన్లో చిన్న స్టూడియో నడుపుకునే దస్తగిరి. పెళ్లిళ్లు, శవాలు తప్ప మరో ఫొటో తీసి ఎరగని మనిషి. ఏటిగడ్డపాడులో దళితవాడ ఆడవాళ్లు మొదటిసారి ఊరబావిలో నీళ్లు తోడబోతున్నారని తెలిసి, ఉండబట్టలేక సైకిలెక్కి వచ్చాడు.

నాలో ముందుగా కనిపించేది సువార్తమ్మ. చేద లాగుతూ నవ్వుతోంది. ఆమె కొంగు పట్టుకుని కూతురు కరుణ, నుదుటి మీద చిన్నప్పటి గాటుతో. పక్కన భర్త ఇస్సాకు. వెనకాల చేతులు కట్టుకుని పెద్దవీధి పెద్దమనుషులు నలుగురు.

దస్తగిరి నన్ను పత్రికకు ఇచ్చాడు. అచ్చయిన రోజు వాడంతా పండగే. అదే పత్రికను పెద్దవీధి అరుగు మీదా పరిచారు. ఒక్కో ముఖం మీదా వేలు పెట్టి, "ఈడెవడు? ఇది ఎవడి పెళ్లాం?" అని ఆరా తీశారు. ముఖాలు గుర్తుండిపోవాలనే కదా మనుషులు ఫొటోలు తీసుకునేది! బాగానే గుర్తుపెట్టుకున్నారు. ఆ వారంలోనే ఇస్సాకును జొన్నచేలో నరికారు. అడ్డం పడిన సువార్తమ్మనూ వదల్లేదు.

ఆ నలుగురి మీద నడిచిన హత్య కేసులో నన్ను సాక్ష్యంగా పెట్టారు. అవతలి ప్లీడరు నన్ను పైకెత్తి చూపించాడు. "ఇందులో నా క్లయింట్లు ఊరికే చూస్తూ నిలబడ్డారు. చూడటం నేరమా?" అన్నాడు. నలుగురూ విడుదలై జీపులో ఇంటికి వెళ్లారు. నేను పెట్టెలోకి వెళ్లాను.

ఆ పెట్టె చివరికి పాత కాగితాలు, ఫొటోలు దాచే ఒక ప్రభుత్వ భద్రశాలకు చేరింది. ఏళ్ల తర్వాత వనజ అనే పరిశోధకురాలు నా పక్కన ఇంకో ఫొటో పెట్టింది. అది వేరే జిల్లా, వేరే ఊచకోత. పాడెల ముందు పిడికిలి బిగించి నడుస్తున్న నడివయసు స్త్రీ. వనజ భూతద్దంలో ఆమె నుదుటినీ, నాలోని చిన్నపిల్ల నుదుటినీ మార్చి మార్చి చూసింది. అదే గాటు.

వెతికి వెతికి కరుణను తీసుకొచ్చింది. ముసలామె నన్ను చేతిలోకి తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"అమ్మ పళ్లు ఇట్టా ఉండేయని మర్చిపోయా," అంది.

వనజ రెండో ఫొటో చూపించింది. "ఈ పాడెలు లేచిన ఊళ్లో మీకు చుట్టాలున్నారా పెద్దమ్మా?"

"ఎవరూ లేరు. పేపర్లో చదివాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలా. అక్కడి మనుషులు తెలీదమ్మా, ఆ ఏడుపు తెలుసు."

"ఈ ఫొటోలతో ఇక్కడ ప్రదర్శన పెడుతున్నాం. కింద మీవాళ్ల పేర్లు రాస్తాం."

"రాయండి. ఎనకున్నోళ్లవి కూడా రాయండి. నే చెప్తా."

చెప్పింది. వనజ రాసింది. పై అధికారి పేర్లన్నీ కొట్టేశాడు. ఆ నలుగురిలో ఒకాయన మనవడు ఇప్పుడు ఎమ్మెల్యే. నా కింద అట్ట మీద మిగిలింది ఇంతే: 'నీళ్లు తోడుతున్న స్త్రీలు. వెనుక గ్రామస్థులు.'

ప్రదర్శన మొదలైన రోజు కరుణ ఆ అట్ట చదివింది. నా పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుంది. కాసేపటికి బడిపిల్లలు గుంపుగా వచ్చి నా ముందు ఆగారు. ఆమె లేచి, అద్దం మీద వేలు ఆనించి, వెనక నిలబడ్డ మొదటి మనిషి పేరు గట్టిగా పలికింది.