నాన్న కారుకు నాలుగు టైర్లు

మా నాన్నకు టైర్లు అమ్మడం కన్నా గోడకు అమ్మడం తేలిక. గోడ కనీసం ఎదురు చెప్పదు.

ముప్ఫై ఏళ్ళు ఈ టైర్ల కొట్టు నడిపి, దాన్ని నాకు అప్పగించి, హాయిగా కాళ్ళు చాపుకుని కూచోవలసిన వయసులో ఆయన రెండు తలుపుల పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు కొన్నాడు. అగ్గిపెట్టెంత ఉంటుంది. అందులో కూలబడడం ఆయనే చేసుకుంటాడు, లేవడానికి మాత్రం మా అమ్మ చెయ్యి కావాలి. అయినా ఆయన ప్రాణమంతా దాని మీదే. రోజూ పొద్దున్నే ఊరి చుట్టూ ఒక రౌండు వేసి వస్తే తప్ప కాఫీ తాగడు.

ఆ వేళ కొట్టు తెరుస్తుండగానే అమ్మ ఫోను చేసింది.

"మీ నాన్న నీ దగ్గరికే బయల్దేరారు. కొత్త టైర్లు కావాలట. నిన్న గేటు స్తంభాన్ని మళ్ళీ గీరారే. నెలలో ఇది మూడోసారి. అడిగితే స్తంభమే ముందుకొచ్చిందంటారు."

"కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళవే అమ్మా!"

"వస్తే కదా! పట్టిన పట్టు వదిలే మనిషా? పోట్లాడగా పోట్లాడగా చివరికి ఒకటి ఒప్పుకున్నారు. అమ్మడు చూసి నా కళ్ళు బాలేవంటే తాళం దాని చేతిలో పెట్టేస్తా, ఇంకెవరు చెప్పినా వినను అన్నారు. ఇవాళ తేల్చెయ్యి. ఆయన తిరిగొచ్చేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూచోలేక చస్తున్నాను."

అలా తీర్పు చెప్పే పని నా నెత్తిన పడింది. అడగకుండా దొరికే పదవులన్నీ ఇలాంటివే.

పావుగంటలో నాన్న వచ్చాడు. రెండు కార్లు పట్టే చోట ఆ అగ్గిపెట్టెను ఏటవాలుగా పెట్టాడు.

"ఏమే అమ్మడూ, వ్యాపారం ఎలా ఉంది?"

"నువ్వు ఆ కారు కాస్త పక్కకు జరిపితే బాగానే ఉంటుంది."

కళ్ళు పరీక్షించే బోర్డు నా కొట్టులో లేదు. కానీ టైరు పక్కభాగం ఉంది. దాని మీద కొలత, వేగానికి ఒక అక్షరం, తయారైన వారం అన్నీ ఉంటాయి. అన్నీ నలుపు మీద నలుపే. నేనే టార్చి వేసుకుని చదువుతాను. ఇవి చదివితే ఆయన కళ్ళకు ఢోకా లేదని తీర్మానించుకున్నాను.

"చదివి చెప్పిన టైరే కొనాలి, ఇవాళ నా కొట్టులో రూలు," అన్నాను.

"ఏడిశావు, ఆ రూలు పెట్టిందే నేను," అన్నాడు నాన్న.

మొదటిది గట్టి రకం. నాన్న ముందుకు వంగి, టైరును ఒకసారి ఆప్యాయంగా నిమిరాడు. "నూట తొంభై ఐదు, యాభై, పదిహేను. వేగం హెచ్. ముప్ఫై రెండో వారంలో చేశారు." టార్చి వేసి చూశాను. పొల్లు పోలేదు. వారంతో సహా.

"ఇది ఎనభై వేల కిలోమీటర్లు వస్తుంది నాన్నా."

"వస్తుంది. చెక్క కూడా వస్తుంది."

రెండోది ఆయన మనసు పడ్డ రకం, రేసుల్లో వాడే మెత్తని రబ్బరు. దాన్నీ నిమిరాడు, దాన్నీ తప్పు లేకుండా చదివాడు.

"మలుపులో రోడ్డును కరుచుకుపోతుందే ఇది. ఇదే వెయ్యి."

"ఏడాదిలో బోడిగుండు అవుతుంది. తడిలో జారుతుంది."

"వానలో నేను కారు తియ్యను."

"మొన్న తీశావుగా?"

"మొన్న నేను తీశాకే వాన వచ్చింది."

ఈ మనిషితో నేను వేగలేను. అయినా మనసు తేలికపడింది. ఆయన ముందే అమ్మకు ఫోను చేసి, "కళ్ళు భేషుగ్గా ఉన్నాయి, నాకన్నా బాగా చదువుతున్నాడు, ఆ స్తంభాన్నే జరిపించు," అని చెప్పేశాను. నాన్న నిమ్మకు నీరెత్తినట్టు కూచున్నాడు.

మూడోది వేగంతో పాటు వానకు కూడా పనికొచ్చే రకం. కొత్త సరుకు. దాని మీద చుట్టూ అంటించిన కాగితం ఇంకా తియ్యలేదు.

"తడిలో ఎంత బాగా ఆగుతుందో ఆ కాగితం మీద వేశారు, చూడు."

నాన్న బొటనవేలు కాగితం మీదికి వెళ్ళింది. ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. కాగితం నున్నగా ఉంది.

"ఏమీ వెయ్యలేదే వీళ్ళు," అన్నాడు.

ఆ కాగితం మీద నా అరచెయ్యంత అక్షరం ఉంది.

టైరు మీద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఆయన ఇంతసేపూ చదివింది వేలితో. వేరే ఎవరైనా మొదటి టైరు దగ్గరే పట్టేసేవాళ్ళు. కానీ ఈ పనిలో ఉన్నవాళ్ళం టైరును నిమరకుండా మాట్లాడలేం. ఫోనులో మాట్లాడుతూ కూడా నేను పక్కనున్న టైరును నిమురుతుంటాను. అందుకే ఆ చెయ్యి నా కంట పడలేదు. నా తెలివి తగలెయ్య! ఏడుపొచ్చింది. దానికన్నా ముందు నా మీద నాకే ఒళ్ళు మండింది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

ఆయన వేలు కాగితం మీద ఆగిపోయింది.

"పోయిన చలికాలం నుంచి. ఎటు చూస్తే అటు, సరిగ్గా మధ్యలో మసక. చుట్టుపక్కలంతా బాగానే కనిపిస్తుంది."

"ఎదర వచ్చే మనిషి చుట్టుపక్కల ఉండడు కదా!"

నాన్న కాగితం మీంచి వేలు తీసేశాడు.

"నువ్వు చెబితే వింటానన్నాను. చెప్పు మరి."

రోజుకు పదిమంది లారీ డ్రైవర్లతో అరిచే గొంతు నాది. ఆ మాట మాత్రం మెల్లగా చెప్పాను.

"నువ్విక కారు నడపొద్దు నాన్నా."

జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు. పెడుతున్నప్పుడు నా మొహంలోకి కాక పక్కనున్న గోడవైపు చూశాడు. కొన్నాళ్ళుగా అలాగే చూస్తున్నాడు, నేనేమో పెద్దవాడయ్యాడు, పరధ్యానం అనుకున్నాను. అలా చూస్తేనే నేను కనిపిస్తానని ఇప్పుడు తెలిసింది.

"ఆ మెత్తవి తీసి లోపల పెట్టెయ్," అన్నాడు. "ఈ కాగితం వాటినే వెయ్యి, నాలుగూ."

"మెత్తవే కావాలన్నావుగా?"

"నడిపేది నేనైతే. నువ్వు బ్రేకు ఆలస్యంగా తొక్కుతావు."

"ఎవరన్నారు?"

"నీ పక్కన కూచున్న ప్రతివాడూ."

నాలుగూ నేనే బిగించాను. నాన్న కుర్చీ వేసుకుని కూచుని, ఒక్కో నట్టు బిగిసిన చప్పుడు విని తలూపాడు. ఆ తరవాత కారు చుట్టూ తిరిగి, మొట్టమొదటిసారి ఎడంపక్క తలుపు తీసుకుని లోపల కూచున్నాడు. "మొదటి వంద కిలోమీటర్లూ నెమ్మదిగా పో, కొత్త రబ్బరు," అన్నాడు. ఈ మాట నేను రోజూ అందరికీ చెప్పేదే. సరేనన్నాను.

దారి పొడుగునా ఆయన కుడికాలు ఖాళీ నేలను తొక్కుతూనే ఉంది. పెద్ద కూడలిలో సిగ్నలు దగ్గర, ఆయన చెప్పకముందే ఆపాను.

"ఏం పడింది?" అన్నాడు.

"ఎరుపు."

కాస్త ఆగి, "ఇప్పుడు?"

"ఎరుపే నాన్నా."

ఒకే మాట రెండోసారి అడిగితే ఒంటికాలి మీద లేచే మనిషిని నేను. పచ్చ పడేలోపు ఆయన ఇంకా నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ చెప్పాను.