ఎనిమిది నుంచి ఇరవై దాకా

పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. నలభై దాటాక కంప్యూటర్ కోర్సులో చేరిందని క్లాసంతా ఆమెను పిన్ని అనే పిలుస్తుంది. ఆ పిలుపుకి ఆమె ఏనాడూ ఏమీ అనుకోలేదు. కానీ ఇవాళ పొద్దున లెక్కల మాస్టారు రెండు జవాబు పత్రాలు గాల్లో ఆడిస్తూ ఆమెనూ, పక్కన కూర్చునే అమ్మాయినీ నిలబెట్టి "దొంగలు" అన్నాడు. అందరి ముందూ అన్నాడు.

ప్రశ్న చిన్నదే. కంప్యూటర్ మెమరీలో గళ్ళు వరసగా ఉంటాయి. ఎనిమిదో గడి నుంచి ఇరవయ్యో గడి దాకా, ఆ రెండూ కలుపుకుని, మొత్తం ఎన్ని? పిన్ని ఇరవైలోంచి ఎనిమిది తీసేసి పన్నెండని రాసింది. అమ్మాయీ అదే రాసింది. నిజానికి పదమూడు. తీసివేతలో ఎనిమిదో గడి కూడా ఎగిరిపోతుంది, దాన్ని మళ్ళీ కలుపుకోవాలి. ఇద్దరూ కలుపుకోలేదు.

"ఒకరి పేపర్లో చూసి ఇంకొకరు రాస్తే తప్పులు ఒకేలా ఉంటాయి. మీ తప్పులు ఒకేలా ఉన్నాయి. ఇంకేం కావాలి?" అన్నాడు మాస్టారు.

పోయిన వారం ఈ మనిషే ఆ బోర్డు దగ్గరే నిలబడి గొంతు చించుకున్నాడు. వాన పడితే నేల తడుస్తుంది, అంతమాత్రాన నేల తడిసినప్పుడల్లా వాన పడినట్టు కాదు, ఎవరైనా నీళ్ళు పోసి ఉండొచ్చు అని. ఆ పాఠం ఎవరి కోసం చెప్పాడో మరి!

కాపీ అని తేలితే కోర్సులోంచి తీసేస్తారు. ప్రిన్సిపాల్ గది బయట అమ్మాయి వణికిపోతోంది.

"పిన్నీ, ఒప్పేసుకుందాం. కాళ్ళు పట్టుకుంటే వదిలేస్తారేమో."

"చెయ్యనిదానికి కాళ్ళు పట్టుకోవడమేంటే? నోరు మూసుకుని నా వెనకాల నిలబడు."

లోపల మాస్టారు కాపీ అనే మాట పదిసార్లు అన్నాడు గానీ ప్రశ్నేమిటో చెప్పలేదు. ప్రిన్సిపాల్ అడగనూ లేదు. పత్రాలు తెరవకుండానే పెన్ను మూత తీశాడు. ఇద్దరు మనుషుల చదువు ఆయనకి ఒక సంతకం పాటి పని! పిన్నికి ఒళ్ళు మండిపోయింది.

"సార్, ఒక్క మాట. ఎనిమిదో తారీఖు నుంచి ఇరవయ్యో తారీఖు దాకా, రెండూ కలుపుకుని సెలవు పెడితే ఎన్ని రోజులు?"

"పన్నెండు," అన్నాడు ప్రిన్సిపాల్ తలెత్తకుండానే. "ఎందుకు?"

"మీరెవరి పేపర్లో చూశారు సార్?"

మాస్టారి మొహం పాలిపోయింది. ప్రిన్సిపాల్ అయోమయంగా అప్పుడు పత్రాలు తెరిచాడు, ప్రశ్న చదివాడు, బల్ల కింద వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. ఆ తర్వాత నవ్వేశాడు.

"పోనీండి మాస్టారూ, ఇద్దరికీ తలో రెండు మార్కులు వేసెయ్యండి. గొడవ వదిలిపోతుంది."

ఆ నవ్వు పుండు మీద కారం చల్లినట్టయింది.

"మార్కులెవరడిగారు సార్? నా జవాబు తప్పు, సున్నా అలాగే ఉండనీండి. ఆయనన్న మాట వెనక్కి తీసుకోమనండి."

"ఏదో కోపంలో నోరు జారానమ్మా," అన్నాడు మాస్టారు. "తీసుకుంటున్నాగా."

"ఇక్కడ అనలేదుగా మీరు?"

మళ్ళీ క్లాసుకి వెళ్ళక తప్పలేదు. మాస్టారు బోర్డు వైపు తిరిగి, ఎప్పుడో తుడిచేసిన చోటనే మళ్ళీ తుడుస్తూ గొణిగాడు. "పొద్దున నేనన్నది… ఆ మాట… పొరపాటు. సరే, పుస్తకాలు తియ్యండి."

ముందు బెంచీకే సరిగ్గా వినపడలేదు. పిన్ని కూర్చోలేదు. నోరు తెరవబోయింది, ఈలోగా పక్కన బెంచీ కిర్రుమంది.

కాళ్ళు పట్టుకుందామన్న పిల్ల లేచి నిలబడింది. ఇంకా వణుకుతూనే ఉంది.

"ఇటు తిరిగి చెప్పండి సార్," అంది. "నాకు వినపడలేదు."