నార లేని బొమ్మ

ప్లాస్టర్ పనివాడికి గర్వం ఎక్కువండి. ఎందుకంటే లేనిదాన్ని ఉన్నట్టు చూపించడమే వాడి పని. సెత్తిమో బర్సాంతి అయితే మరీను. హాలీవుడ్‌లో ఓ పెద్ద స్టూడియోకి ప్లాస్టర్ షాపు మేస్త్రి అతను. తెర మీద మీరు చూసే రోము స్తంభాలు, కోట గుమ్మాలు, రాతి సింహాలు అన్నీ అతని షాపులో పోసినవే. వాళ్లది ఇటలీలో లూకా కొండల్లో ఊరు. ఆ ఊళ్లో మగాళ్లంతా తాతల నాటి నించీ బొమ్మలు పోసి, బుట్టలో పెట్టుకుని దేశాల మీద పడి అమ్ముకున్నవాళ్లే. "మావాళ్లు నడక కంటే ముందు అచ్చు విప్పడం నేర్చుకుంటారు" అనేవాడు సెత్తిమో. ఆ గొప్పలే అతన్ని మూడేళ్లు నిద్రపోనివ్వలేదు.

1943లో ఆ ఏటి సినిమా అవార్డులిచ్చారు. యుద్ధం నడుస్తోంది, కంచూ ఇత్తడీ అన్నీ తుపాకీగుళ్లకి పోతున్నాయి. అందుకని ఆ ఏడు గెలిచినవాళ్లకి లోహపు బొమ్మలు కాకుండా ప్లాస్టర్‌తో పోసి, పైన బంగారం రంగు వేసి ఇచ్చారు. ఓ సముద్రపు రాజు కథకి వేసిన సెట్టుకి ఆర్ట్ డైరెక్టర్ వెండెల్ ప్రేథర్‌కి వచ్చింది అవార్డు. మర్నాడు పొద్దున్నే ఆయన బొమ్మని న్యూస్‌పేపర్లో చుట్టుకుని ప్లాస్టర్ షాపుకే వచ్చాడు.

"చూడు సెత్తిమో" అన్నాడు బల్ల మీద పెట్టి. "సిల్కు టై కట్టుకుని, రెండు గంటలు కూర్చుని, స్టేజీ ఎక్కితే మీ సరుకే తెచ్చి నా చేతిలో పెట్టారు."

"పోన్లెండి సార్" అన్నాడు ముసలి ఒరెస్తే. "ఇంట్లో కూడా డ్యూటీలో ఉన్నట్టే ఉంటుంది."

ప్రేథర్ నవ్వాడు. మంచాయనే. "ఆ రాజుగారి మహల్ కట్టింది మీరు. పేరు నాది. మా డిపార్టుమెంటు పద్ధతి అది, నేను పెట్టింది కాదు. శనివారం దాకా ఇక్కడే ఉంచుకోండి. ఇంటికి తీసుకెళ్లి మీ ఆడవాళ్లకి చూపించుకోండి. పేరు రాసిన రేకు ఇంకా రాలేదు, వచ్చాక బిగించుకుంటాను."

ఆయన అటు వెళ్లాడో లేదో షాపులో అయిదుగురూ చుట్టూ మూగారు. సెత్తిమో, అతని బావమరిది నెల్లో, ఒరెస్తే, రామోన్, ఇంక స్వీడన్ వాడు గస్. బొమ్మని తిరగేసి బోర్లేసి చూశారు.

"బావా, చెవి వెనక బుడగ చూశావా" అన్నాడు నెల్లో. "మన దగ్గర ఇలాంటిది వస్తే చెత్త గమేలాలో పడేసేవాళ్లం."

"మోకాలి దగ్గర అతుకు కూడా కనిపిస్తోంది" అన్నాడు గస్. "హడావిడిగా పోశారు పాపం."

"అయినా అవార్డు అవార్డే కదరా" అన్నాడు రామోన్.

ఆ మాటలోంచే పుట్టింది ఆలోచన. ఎవరు ముందన్నారో తర్వాత ఎవరికీ గుర్తులేదు. అచ్చు తీద్దాం, తలా ఒకటి పోసుకుందాం. అచ్చు సెత్తిమో తీశాడు. పోసింది మాత్రం అయిదూ నెల్లోనే. ప్లాస్టర్ పోసి, మధ్యలో జనపనార పరిచి, వేళ్లతో అణచడంలో వాడికి మించినవాడు స్టూడియోలో లేడు. నార పడితే బొమ్మ విరగదు. బుడగని కూడా వదల్లేదు, అతుకుని కూడా వదల్లేదు, ఉన్నదున్నట్టు దింపారు. బంగారం రంగు గస్ కలిపాడు. అడుగున పచ్చ గుడ్డ అతికించారు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల టైముకి ఆరు బొమ్మలూ అరమీద వరసగా ఉన్నాయి. ఒరెస్తే వైన్ సీసా పందెం కట్టాడు, అసలుది ఏదో చెప్పండని. ఒక్కొక్కడూ ఒక్కోటి చూపించాడు.

"మీ మొహాలు" అన్నాడు సెత్తిమో. "అచ్చు తీసినవాణ్ణి, నేను కళ్లు మూసుకుని చెప్తా. మీరు అటు తిరగండి, ఇంకోసారి కలిపి చూపిస్తా."

వాళ్లు అటు తిరిగారు. అతను మార్చాడు, మళ్లీ మార్చాడు. అసలుది ఎక్కడుందో కంట్లో పెట్టుకునే మార్చాడు. ఇంతలో బయట లారీ హారన్ కొడితే ఒక్క క్షణం తల తిప్పాడు. అంతే. మళ్లీ చూస్తే ఆరూ ఆరే. బుడగ చూశాడు, ఆరింటికీ ఉంది. ఎత్తి చూశాడు, బరువూ అంతే. ఏది అసలుదో ఇంక అతనికీ తెలీదు.

"తిరగండి" అన్నాడు. మూడోదాని భుజం మీద చెయ్యి వేశాడు. "ఇదీ అసలుది."

"మేస్త్రి అంటే మేస్త్రి" అన్నాడు ఒరెస్తే సీసా ఇచ్చేస్తూ. శనివారం ఆ మూడోది ప్రేథర్ గదికి వెళ్లింది. మిగతావి తలా ఒకటి ఇళ్లకెళ్లాయి. వైన్ మాత్రం సెత్తిమోకి గొంతు దిగలేదు. ఊహించి చూపించానన్న సంగతి ఎవరికీ చెప్పలేదు, భార్య ఎర్సీలియాకి కూడా.

పోన్లే, ఎవరికి నష్టం అనుకున్నాడు. అలా అనుకుంటూ రెండేళ్లు గడిచాయి. 45 చలికాలంలో నెల్లో నిమోనియా వచ్చి తొమ్మిది రోజుల్లో పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు. లింకన్ హైట్స్‌లో వాళ్లింట్లో, సమాధి దగ్గర్నించి వచ్చాక, నెల్లో భార్య అర్జియా కుర్చీలో బొమ్మలా కూర్చుంది. ఏడవట్లేదు. ఏం చెయ్యాలో తెలీక సెత్తిమో నెల్లో వాటాకి వచ్చిన బొమ్మని అరమీంచి తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"చూడు చెల్లెమ్మా, ఇది వాడి చేతి పని. ఇది పోయేది కాదు" అన్నాడు. అప్పుడు ఏడ్చింది అర్జియా.

ఆ మాట అన్నందుకు అందరూ సెత్తిమోని మెచ్చుకున్నారు. అతనికి మాత్రం లోపల ఎక్కడో ముల్లు దిగినట్టయింది.

46 వసంతంలో, యుద్ధం ముగిశాక, అవార్డులిచ్చినవాళ్ల దగ్గర్నించి ఉత్తరాలొచ్చాయి. ప్లాస్టర్ బొమ్మ తెచ్చి ఇవ్వండి, బదులు లోహపు బొమ్మ ఇస్తాం అని. ప్రేథర్ ఉత్తరం పట్టుకుని షాపుకొచ్చి, "వచ్చే మంగళవారం వెళ్తున్నా సెత్తిమో. మీ చుట్టాన్ని అప్పగించేస్తున్నా" అన్నాడు సరదాగా.

"పాతవాటిని ఏం చేస్తారు సార్?"

"అక్కడే పగలగొట్టేస్తారట. పోసిన షాపువాడు దగ్గరుండి సరిచూసుకుంటాడట."

సెత్తిమో చేతిలో తాపీ ఆగిపోయింది. ఆ షాపువాడు అతనికి తెలుసు. యూనియన్ హాల్లో ఓసారి మాటల్లో వాడే అన్నాడు, "మేం నార వెయ్యలేదయ్యా, అంత టైము ఎక్కడిది" అని. నెల్లో పోసినవాటిలో నార ఉంటుంది. ప్రేథర్ ఇచ్చింది పగలగొట్టగానే నార బయటపడిందనుకోండి, నలుగురిలో ఆయన దొంగబొమ్మ తెచ్చినవాడవుతాడు. పాతికేళ్ల పేరు ఓ గుప్పెడు నారతో పోతుంది.

ఆ సాయంత్రం షట్టర్ వేసి, షాపులో ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పాడు సెత్తిమో. ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత ఒరెస్తే నెమ్మదిగా అన్నాడు, "అయితే నా వైన్ సీసా?"

"కొనిస్తానులే."

"మూడేళ్లకి వడ్డీతో" అన్నాడు గస్.

మర్నాడు నలుగురూ నాలుగు బొమ్మలు తెచ్చారు. అడుగున పచ్చగుడ్డ కొస లేపి, సన్న బరమాతో వేలెడు లోతు తొలిచారు. తెల్లపొడి రాలింది, వెనకాలే గోధుమరంగు నార. నాలుగూ నెల్లోవే. ఇంక మిగిలినవి రెండు. ఒకటి ప్రేథర్ గదిలో ఉంది, ఒకటి అర్జియా ఇంట్లో.

"ముందు ఆవిడ ఇంటికెళ్లి గుట్టుగా చూసేద్దాం" అన్నాడు రామోన్. "అసలుదైతే మార్చేద్దాం. ఎవరికీ తెలీదు."

తేలికైన దారి అది. సెత్తిమో బరమా జేబులో పెట్టుకుని ట్రామ్ స్టాపు దాకా వెళ్లాడు కూడా. ట్రామ్ వచ్చింది. ఎక్కలేదు. ఆవిడ వంటింట్లో ఉండగా నెల్లో ఫొటో పక్కనించి బొమ్మ తీసి కన్నం పెట్టడం తన వల్ల కాదనిపించింది. వెనక్కి తిరిగి నేరుగా ప్రేథర్ గదికి వెళ్లి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడి, మొత్తం చెప్పేశాడు. లారీ హారన్ సంగతి కూడా.

ప్రేథర్ గోడవార అరమీదున్న బొమ్మ వైపు చూశాడు.

"మూడేళ్లు" అన్నాడు. "రోజూ నా గదికి వచ్చేవాడివి. అదిగో, దాని ఎదురుగా నిలబడి కొలతలు చెప్పేవాడివి."

"అవును సార్."

"నీ మాట మీద నేను స్టూడియో డబ్బు లక్షలు ఖర్చుపెట్టించాను. ఈ గోడ నిలబడుతుంది అంటే నిలబడుతుంది అనుకున్నాను."

"ఆ గోడలు నిలబడ్డాయి సార్."

"నిలబడ్డాయి" అని ఒప్పుకున్నాడు ప్రేథర్. బొమ్మని తీసి బల్ల మీద బోర్లించాడు. "బరమా తెచ్చావా? కానీ."

సెత్తిమో తొలిచాడు. ఇద్దరూ వంగి చూశారు. పొడి, పొడి, పొడి. తర్వాత ఓ సన్న నారపోగు బరమాకి చుట్టుకుని బయటికొచ్చింది.

"అంటే నేను ఇంతకాలం మీ బావమరిది పనికి నా పేరు రేకు తగిలించి పెట్టుకున్నాను" అన్నాడు ప్రేథర్. శనివారం అర్జియా ఇంటికి తనే కారు తీసుకుని వస్తానన్నాడు. "నువ్వొక్కడివే వెళ్లొద్దు. అడగాల్సింది నేను."

అర్జియా వాళ్ల ఊరి పద్ధతిలో కాల్చిన శనగపిండి అట్టు ఓవెన్‌లోంచి తీసే వేళకి వీళ్లిద్దరూ గుమ్మంలో ఉన్నారు. స్టూడియో పెద్దాయన ఇంటికొచ్చాడని ఆవిడ ఏప్రన్ విప్పేసి కుర్చీ తుడిచింది. వాళ్ల మొహాలు చూసి, "ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ కాదు చెల్లెమ్మా" అని మొదలుపెట్టాడు సెత్తిమో. ప్రేథర్ గదిలో చెప్పినంత తేలిగ్గా రాలేదు ఇక్కడ. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అర్జియా అడ్డం రాకుండా విన్నది. అరమీద నెల్లో ఫొటో, పక్కన బొమ్మ, బొమ్మ మెడలో జపమాల. దుమ్ము కూడా లేదు దాని మీద.

ఆమె లేచి బొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టింది. జపమాల తీసి చేతికి చుట్టుకుంది. "తొలువు."

ఇందులో నార లేదు. చివరంటా తెల్లపొడే.

ప్రేథర్ బొమ్మని అర్జియా వైపు జరిపాడు. "అమ్మా, మీరు ఉంచుకుంటానంటే ఉంచుకోండి. నేను మంగళవారం వెళ్లను. పోయిందని రాసేస్తాను."

"నేనేం చేసుకోను దీన్ని?" అంది అర్జియా. ఆయన తెల్లబోయాడు. "మీకు అవార్డు కాబోలు. నాకు కాదు. ఎవరో ముక్కూ మొహం తెలీనివాడు హడావిడిగా పోసింది. దీన్ని నేను ఆదివారం ఆదివారం తుడిచాను. దీంతో మాట్లాడాను." ఆమె సెత్తిమో వైపు తిరిగింది. "అన్నయ్యా, ఆయన్ని పాతిపెట్టి వచ్చిన రోజు నా ఒళ్లో పెట్టి ఏమన్నావ్?"

"వాడి చేతి పని అన్నాను."

"తెలిసి అన్నావా, తెలీక అన్నావా?"

సెత్తిమో నేల చూశాడు. "తెలీక. తెలీదన్న సంగతి తెలిసే అన్నాను."

ఆమె కొట్టినా బాగుండేది. కొట్టలేదు. "ఆయనది ఎక్కడుంది?" అంది.

ప్రేథర్ కారులోంచి తన బొమ్మ తెచ్చాడు. పీఠం మీద రేకు మెరుస్తోంది, ఆయన పేరుతో. అర్జియా ఆ పేరు చదివి, బల్ల సొరుగులోంచి కత్తి తీసి ఆయన ముందు పెట్టింది. ప్రేథర్ కోటు విప్పి, కూర్చుని, కత్తి మొనతో రేకు మేకులు ఒక్కొక్కటే పీకాడు. చెయ్యి తిరిగినవాడు కాదు, చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చెయ్యలేదు. రేకు జేబులో వేసుకుని, మంగళవారం అప్పగించాల్సిన అసలు బొమ్మని తన వైపు జరుపుకున్నాడు.

అర్జియా బొమ్మని బోర్లించి, కన్నంలో వేలు పెట్టింది. నారపోగు గోటికి తగిలితే కాస్త బయటికి లాగింది.

"చొక్కా చేతులకి ఇదే అంటుకుని వచ్చేది" అంది, ఎవరితోనూ కాదన్నట్టు. "ఉతికినా పోయేది కాదు. దువ్వెన పెట్టి తీసేదాన్ని. తిట్టేదాన్ని ఆయన్ని."

"రేకు ఊడిన చోట గుంటలు పడ్డాయి చెల్లెమ్మా" అన్నాడు సెత్తిమో. "కన్నం కూడా. నేను తీసుకెళ్లి పూడ్చి తెస్తా. కనిపించకుండా."

"ముట్టుకోకు" అంది అర్జియా.

తర్వాత పొయ్యి మీద కాఫీ పెట్టింది. ప్రేథర్‌కి అట్టు ముక్క కోసి ఇచ్చింది, అది తింటూ ఆయన నెల్లో గురించి అడిగాడు, ఏ ఊరు, ఎప్పుడొచ్చాడు అని. ఆమె చెప్పింది. అవార్డుకి ముందటేడు, ఇటలీ శత్రుదేశమని, పౌరసత్వం రాని ఇటలీవాళ్లు రాత్రి ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలని యుద్ధం రూలు పెడితే, సముద్రపు రాజు సెట్టు పని సగంలో వదిలి పరిగెత్తుకొచ్చేవాడని చెప్పింది. ప్రేథర్‌కి ఆ సంగతి తెలీదు. ఇంకో ముక్క అడిగి తిన్నాడు.

సెత్తిమో గుమ్మం దగ్గరికెళ్లి నిలబడ్డాడు టోపీతో. ఆమె మూడో కప్పు కూడా నింపి బల్ల చివర పెట్టింది, అతని వైపు చూడకుండా.

"కూర్చుని తాగు" అంది. "రేపు చర్చి అయ్యాక మళ్లీ రా. మా అత్త వస్తుంది. కొడుకు పోసిన బొమ్మ అని ఆవిడ కూడా ఇన్నాళ్లూ ఆ అసలుదానికే ముద్దు పెట్టేది. ఆవిడకి నువ్వే చెప్పాలి."

"చెప్తాను."

"తెలిసినంతే చెప్పు" అంది అర్జియా. సెత్తిమో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాఫీలో చక్కెర వెయ్యలేదు ఆమె, అతను అడగలేదు.