మఖ్మల్ మీద స్తోత్రం

లిదియమ్మకు నోటి దురుసు ఎక్కువ. ఆ దురుసే లేకపోతే 1979లో ఆత్మకూరు పాళెం చర్చికి కొత్త గుడ్డ నెల్లూరు అంగడి నుంచి వచ్చేది, ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

చర్చి పెంకులు దించి మిద్దె వేస్తున్నారు. మార్చి ఆఖరి ఆదివారం ప్రతిష్ఠ. ప్రసంగ పీఠం మీద పరిచే పాత గుడ్డ చిమటలు కొట్టేసింది, కొత్తది కొనుక్కొద్దామని పెద్దలు మాట్లాడుకుంటున్నారు. వెనక చాప మీద నుంచి లిదియమ్మ లేచి నిలబడింది.

"కొనేదేంది? నేను కుడతా. జరీతో అక్షరాలు కుడతా. నా చేత్తోనే."

పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "జరీ కుట్టు వచ్చామ్మా నీకు?"

"నేర్చుకుంటా."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇరవై ఏళ్ళ పిల్ల, రవికలు కుట్టే మిషను తప్ప ఇంకేమీ ఎరగదు. అయినా స్త్రీల సమాజం వాళ్ళు వంకాయ రంగు మఖ్మల్ తెచ్చి చేతిలో పెట్టారు. ఇక ఆ గుడ్డ మీద అక్షరాలు వెలగకపోతే అందరిలో తలెత్తుకుని నడవలేదు.

ఊరికే అనలేదులెండి. కిందటేడు ఉదయగిరిలో చిన్నమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు దర్గా గంధం ఊరేగింపు చూసింది. ఆకుపచ్చ గుడ్డ మీద బంగారు అక్షరాలు. ఒక్కటీ చదవడం రాదు, కానీ కాళ్ళు కదల్లేదు. ఎవరు కుట్టారని అడిగితే సుగ్రాబీ అన్నారు.

జనవరిలో మఖ్మల్ చంకన పెట్టుకుని బస్సెక్కి, చిన్నమ్మ ఇంట్లో మకాం పెట్టి, ఆ సుగ్రాబీ గుమ్మం ముందు నిలబడింది. యాభై అయిదేళ్ళ మనిషి. చెక్క గరిటెలు చెక్కే భర్త పోయి ఆరేళ్ళు. నడవంతా నాలుగు కర్రల చట్రమే, దాని మీద గుడ్డ బిగించి ఉంది.

"ఏం రాయాల?" అంది సుగ్రాబీ.

లిదియమ్మ కాగితం మీద 'స్తోత్రము' అని పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. సుగ్రాబీకి ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు అక్షరం ముక్క రాదు. కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"అల్లా! నిలువు గీత ఒకటన్నా లేదే! అన్నీ సున్నాలే, చుట్టలే. నేను ముప్పై ఏండ్లుగా కుడతా ఉండా, ఇట్టాంటివి ఎప్పుడూ కుట్టలా. సరే, దా, కూర్చో. ఇద్దరం నేర్చుకుందాం."

ఆ మాటతో లిదియమ్మ ఆమెకు సగం దాసోహమైపోయింది. పని చూశాక మిగతా సగం. ఆ చేతుల గురించి ఎంత చెప్పినా తక్కువే. గీతల వెంట గుండుసూదితో పొడిచిన కాగితాన్ని మఖ్మల్ మీద పరిచి, సుద్దపొడి అద్దిన గుడ్డతో రుద్దితే అక్షరం చుక్కలుగా కిందికి దిగేది. దాని మీద ముందు పసుపు నూలుతో ఎత్తు కట్టేది, అక్షరానికి కండ పట్టాలని. ఆ పైన జరీ. స్ప్రింగులా చుట్టుకున్న సన్నటి తీగ అది, దబ్కా అంటారు. దాన్ని బియ్యపు గింజంత ముక్కలుగా కత్తిరించి, సూది మొనతో ఒక్కొక్కటే ఎత్తి, పూసలా గుచ్చి పక్క పక్కన పడుకోబెట్టేది. మలుపు వచ్చినప్పుడు లోపలి వైపు ముక్క పొట్టిది, బయటి వైపు ముక్క పొడుగుది. వెంట్రుకవాసి తేడా వచ్చినా కింద నూలు కనపడిపోతుంది. సుగ్రాబీ కొలవదు. కత్తెర దానంతటదే ఆగుతుంది. ఏం చెయ్యి తల్లీ అది!

మొదటి అక్షరం 'స్తో' పూర్తయ్యేసరికి నెల పట్టింది. పద్నాలుగు సార్లు ఊడదీయించింది సుగ్రాబీ. "మళ్ళీ," అనేది, అంతే. కోపం లేదు, మెప్పూ లేదు. పదిహేనో సారి ఏమీ అనకుండా చాయ్ తెచ్చి ఇచ్చింది. లిదియమ్మకు ఆ పూట అన్నం కూడా అక్కర్లేకపోయింది.

ఒక్కటే ముల్లు. చట్రం ముందు కూర్చోబోయిన ప్రతిసారీ, "చేతులు కడుక్కో పిల్లా," అనేది సుగ్రాబీ. పొద్దున వచ్చినప్పుడు ఒకసారి, లేచి మంచినీళ్ళు తాగి వస్తే ఇంకోసారి. కుంకుడు రసం, చెంబుతో నీళ్ళు, తర్వాత వేళ్ళకు సుద్దపొడి. సుగ్రాబీ తను కడుక్కోవడం లిదియమ్మ ఎన్నడూ చూడలేదు. నమాజుకు ముందు కడుక్కున్న చేతులతోనే ఆమె అప్పటికే కూర్చుని ఉండేది. ఎందుకు కడుక్కోమంటున్నదో చెప్పాలని ఆమెకు తట్టనూ లేదు. అన్నం తినేముందు కడుక్కోమంటే కారణం చెబుతామా?

లిదియమ్మకు మాత్రం ఒకటే కారణం కనిపించింది. ఆమె నాయనకు టీ అంగట్లో గ్లాసు వేరే, చూరుకు వేలాడేది. బడిలో కుండ దగ్గరికి ఆమెను రానిచ్చేవాళ్ళు కాదు, పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. అటువంటి పిల్లకు 'చేతులు కడుక్కో' అంటే ఇంకెలా వినపడుతుంది?

ఒకరోజు దర్గా పని మీద కరీముల్లా సాయిబు వచ్చి నడవలో కూర్చున్నాడు. లిదియమ్మ పెరట్లోంచి వచ్చి చట్రం మీద చెయ్యి వేయబోయింది.

"కడుక్కోకుండా ముట్టుకోబాకు!" అని అరిచింది సుగ్రాబీ.

పరాయి మగమనిషి ముందర! లిదియమ్మ ముఖం మాడిపోయింది. గబగబా మఖ్మల్ విప్పుకుని, తన జరీ పొట్లం తీసుకుని బయటికి నడిచింది. "ఏందిమే? యాడికి?" అని సుగ్రాబీ వెనకనుంచి పిలుస్తూనే ఉంది.

ఆత్మకూరులో దిగి నేరుగా కామమ్మ దగ్గరికి పోయింది. కామమ్మ స్త్రీల సమాజానికి పెద్ద, చెవిలో పడ్డ మాట నిలవ ఉంచే అలవాటు లేని మనిషి. "ఆ సాయిబులామె నన్ను ముట్టుకోబాకన్నాది. గంటకోసారి చేతులు కడిగించినాది," అని చెప్పి ఏడ్చింది. సాయంత్రానికల్లా పాళెమంతా సుగ్రాబీని తిట్టిపోసింది.

ఆమె లేకపోతే కుట్టలేనా అనుకుని, లిదియమ్మ మంచం తిరగేసి కోళ్ళకు గుడ్డ బిగించి 'త్ర' మొదలుపెట్టింది. పంతం కదా, పది రోజుల్లో ముగించింది. పదిహేనో రోజున దుమ్ము దులుపుదామని గుడ్డ విప్పింది. 'త్ర' మసిబారింది. వేలు పడిన చోటల్లా నలుపు. దాని పక్కనే 'స్తో' నిన్న కుట్టినట్టు ధగధగలాడుతోంది.

రెండూ ఒకే జరీ, ఒకే చెయ్యి. ఒకటి కడుక్కున్న చెయ్యి, ఒకటి కడుక్కోని చెయ్యి. తెలిసిపోయింది. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

ప్రతిష్ఠకు పందొమ్మిది రోజులుంది. మర్నాడు పొద్దున బస్సుకే ఉదయగిరి వెళ్ళింది.

సుగ్రాబీ గుడ్డ చూసి నాలుక చప్పరించింది. "చెమట. జరీకి చెమట ఉప్పు పడదు." లోపలికి వెళ్ళి పాత టోపీ ఒకటి తెచ్చింది. దాని మీద అక్షరాలు బొగ్గు. "నా మొగుడి పేరు. పెండ్లయిన కొత్తలో కుట్టినా. పండగ రోజుకి ఇట్టా అయినాది. నాదీ నీలాంటి ఉప్పు చెయ్యే."

లిదియమ్మ తల దించుకుని చెప్పేసింది, గ్లాసు సంగతి, కుండ సంగతి, తను అనుకున్నది. సుగ్రాబీ టోపీ మడిచి పక్కన పెట్టింది.

"ఆ పొద్దే నా మొహాన అడిగుంటే పొయ్యేది గదా పిల్లా! నేనూ బుద్ధిలేనిదాన్ని, ఎందుకో చెప్పలా." తర్వాత కత్తెర తీసుకుంది. "ఊడదీయి. ఎత్తు బాగా కట్టినావు, అది ఉండనీ."

పాళెంలో ఆమె పేరు పాడుచేసిన సంగతి మాత్రం లిదియమ్మ నోటి నుంచి రాలేదు. అంత దురుసు నోరు, అప్పుడే మూగబోయింది. పదిహేడో రోజున 'ము' చివరి ముక్క పడుకోబెట్టాక సుగ్రాబీ, "పరిచేనాడు నేనూ వచ్చి చూస్తా," అంటే వద్దనలేకపోయింది.

ఆ ఆదివారం చర్చి కిటకిటలాడింది. పీఠం మీద వంకాయ రంగు మఖ్మల్, దాని మీద జానెడెత్తు స్తోత్రము. చూసినవాళ్ళు చూపు తిప్పుకోలేదు. పాట మధ్యలో సుగ్రాబీ వచ్చి చెప్పుల దగ్గర నిలబడింది. ఒక్కరూ చాప జరపలేదు. కామమ్మ అందరికీ వినపడేలా, "ఇక్కడ కడుక్కునేదానికి నీళ్ళు లేవమ్మా," అంది.

సుగ్రాబీకి ఎత్తిపొడుపు తెలియలేదు. "కడుక్కునే వచ్చినా తల్లీ," అంది నవ్వుతూ.

ఆ నవ్వు లిదియమ్మ చూసింది. పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పుకోమన్నారు. ప్రభువు తమకు చేసిన మేళ్ళు లేచి చెప్పుకునే సమయమది. అందరికంటే ముందు లిదియమ్మ లేచింది.

"నాది సాక్ష్యం కాదు, తప్పు. ఆమె చేతులు కడుక్కోమన్నది జరీ నల్లబడతాదని. నన్ను అంటుకోకూడదని కాదు. ఆమెకూ అదే పద్ధతి. నేను అడగలా, తెలుసుకోలా, మీ అందరికీ చెడ్డగా చెప్పినా. ఆమె తన పని పక్కన పెట్టి నాకు నేర్పినాది. నా నోరు పడిపోను, ఆమెనే ఇన్ని మాటలు అన్నా." ఏడుపు ఆగలేదు. "అమ్మా, ఇప్పుడైనా నీ మొహాన చెబుతా ఉండా."

కామమ్మ లేచి బయటికి పోయింది. కోపమొచ్చి పోతోందనుకున్నారు. చెంబుతో నీళ్ళు తెచ్చింది. "నా బుద్ధి గడ్డి తిన్నాది. దా అక్కా, దగ్గరికొచ్చి చూడు," అని మెట్టు మీదే సుగ్రాబీ చేతుల మీద పోసింది, లోపలికి తీసుకొచ్చింది.

ఇంకొకరైతే కళ్ళు తుడుచుకునేవాళ్ళు. సుగ్రాబీ నేరుగా పీఠం దగ్గరికి పోయి వంగి చూసింది. "ఈడ మలుపులో ముక్క ఒకటి లేచినాది."

"తర్వాత చూద్దాంలేమ్మా, అందరూ చూస్తా ఉండారు," అంది లిదియమ్మ, ముక్కు తుడుచుకుంటూ.

"చూడనీ. వాళ్ళు చూసేదానికే గదా కుట్టింది."

పాస్టరుగారు పుస్తకం మూసి, కానివ్వండమ్మా అన్నారు. సుగ్రాబీ కొంగున గుచ్చుకున్న సూది తీసి, దారం ఎక్కించి, కుట్టబోయి ఆగింది. సూదిని లిదియమ్మ చేతికిచ్చింది.

"నువ్వు కుట్టు. ఈ చుట్టల అక్షరాలు నీకొచ్చినట్టు నాకు రాలేదు."

కామమ్మ గుడ్డ అంచు బిగించి పట్టుకుంది. చర్చి అంతా ఆ ఒక్క కుట్టు కోసం ఆగింది.