గరిటె పోయిన ఫొటో

నేను ఒక ఫొటోని. చట్రం కట్టించి, గోడకి మేకు కొట్టి తగిలించే రకాన్ని కాదు. ఆ వైభోగం నాకు లేదు. ఫోన్‌లో పుట్టి, పదిమంది ఫోన్లలో పెరిగి, చివరికి పదహారడుగుల ఫ్లెక్సీ ఎక్కినదాన్ని. నన్ను చూసినవాళ్ళు వేలల్లో ఉన్నారు. చూసి నవ్వినవాళ్ళు, జాలిపడినవాళ్ళు, నన్ను కోసి అతికించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. వాడుకోవచ్చా అని అడిగినవాళ్ళ పేర్లు మాత్రం ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తుకు రావడం లేదు.

నేను పుట్టింది కొవ్వూరు బస్టాండు రోడ్డులో, కనకరత్నం గారి కర్రీ పాయింట్‌లో. రత్నం గారు పాతికేళ్ళు పెళ్ళిళ్ళ వంటలకి సాయం వెళ్ళిన మనిషి. ఎక్కడికి వెళ్ళినా చెయ్యి ఆవిడది, పేరు వంటమేస్త్రీది. విసిగి విసిగి నలభై ఎనిమిదో ఏట సొంతంగా పొయ్యి పెట్టుకుని, ఇక ఇంకొకరి పొయ్యి ముందు నిలబడనని ఒట్టు పెట్టుకుంది. ఆవిడకి ఉన్న ఆస్తల్లా 'రత్నం గారి కూర' అని జనం అనే ఆ మాటే.

ఆవేళ పదకొండు గంటలకి ఎండుమిరపకాయల తాలింపు ఘాటు ఆవిడ మొహానికి కొట్టింది. కళ్ళు మూతలు పడ్డాయి, మూతి వంకర పోయింది. కుడిచేతిలో గరిటె ఉంది, ఎడమచెయ్యి బొడ్లో దోపిన కొంగు మీద ఉంది. సరిగ్గా ఆ క్షణంలో మేడ మీద అద్దెకుండే మృదుల కూర కోసం దిగివచ్చింది. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే పిల్ల. రత్నం గారంటే దానికి ప్రాణం. ఆ ప్రేమకొద్దీ ఫోన్ ఎత్తి టక్కున నన్ను తీసింది. 'మా పిన్నిగారి గుత్తివంకాయ తినని జన్మ ఎందుకు?' అని నా కింద రాసి, లోకమంతా చూసేలా పెట్టేసింది. రత్నం గారి ఫోన్‌లో మాటలే తప్ప బొమ్మలు రావు. కాబట్టి నేను పుట్టిన సంగతి నా యజమానురాలికే తెలియదు.

మనుషుల న్యాయం నాకు ఎప్పటికీ అంతుపట్టదు. గుడి బయట చెప్పులు తీసుకుపోతే దొంగ అంటారు, వెంటపడి కొడతారు. మనిషి మొహం తీసుకుపోతే మాత్రం డౌన్‌లోడ్ అంటారు.

నన్ను అలా డౌన్‌లోడ్ చేసినవాడు ఫ్లెక్సీల చిట్టిబాబు. ఆ రోజు వాడి దుకాణంలో వీర్రాజు గారు కూర్చుని ఉన్నారు. వీర్రాజు గారు నిన్నమొన్నటి దాకా పురుగుల మందులు అమ్మి, ఈమధ్యనే మనుషుల పొట్టల మీద దయ కలిగి 'సుఖోదర చూర్ణం' మొదలుపెట్టారు. దాని ప్రకటనకి కడుపునొప్పితో బాధపడే మొహం ఒకటి కావాలి. చిట్టిబాబు కంప్యూటర్‌లో వెతికి ఓ విదేశీ వనితను చూపించాడు.

"తెల్లదొరసాని కడుపునొప్పి మన జనానికి ఆనదయ్యా. మన మొహం కావాలి" అన్నారు వీర్రాజు గారు.

అప్పుడు దొరికాను నేను. ఈ మొహం ఎక్కడో చూసినట్టుందే అని చిట్టిబాబు ఒక్క క్షణం అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడు. ముందు నా పొయ్యి కోసేశాడు. తరువాత మూకుడు, ఆ తరువాత గరిటె. మిగిలిందేమిటి? మెలికలు తిరిగిన మొహం, పొట్ట మీద చెయ్యి. నా పక్కన పెద్ద అక్షరాలతో 'పన్నెండేళ్ళ గ్యాస్ ట్రబుల్! తిన్నది ఏదీ ఇమడలేదు! – శ్రీమతి సుభద్రమ్మ' అని లేని పేరొకటి పెట్టి రాశాడు. అటువైపు 'వాడిన తరువాత' అని నవ్వుతున్న ఇంకో ఆవిడ ఫొటో పెట్టాడు. ఆవిడ ఎవరో, పాపం, ఎవరింట్లోంచి ఎత్తుకొచ్చారో! పక్కపక్కనే వేలాడినా మమ్మల్ని పరిచయం చేసిన నాథుడు లేడు. చూర్ణం తింటే మొహం కూడా మారిపోతుంది కాబోలని జనం సర్దుకున్నారు.

నన్ను బస్టాండు ఎదురుగా కట్టారు. కర్రీ పాయింట్‌కి నూరు అడుగుల దూరం.

మర్నాడు మధ్యాహ్నం ఆటో సూరిబాబు వచ్చి, రోజూ పట్టుకెళ్ళే కూర పట్టుకెళ్ళకుండా నసిగాడు. "ఏవండీ రత్నం గారూ, మీరు వండింది మీకే ఇమడకపోతే ఇక మా గతేంటండీ?"

"ఏటి బాబూ, ఏం ఇమడకపోవడం?"

"పన్నెండేళ్ళ నుంచంట కదండీ. బస్టాండులో రాశారండి."

వారం తిరగకుండానే కూరల గిన్నెలు నిండుగా మిగలడం మొదలైంది. సాయంత్రం రత్నం గారు గుత్తివంకాయ కుడితి తొట్టిలో పోసింది. మాడిన కూర తప్ప ఆవిడ ఎప్పుడూ ఏదీ పారబోసి ఎరగదు.

ఆవిడ నన్ను చూడటానికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. తల ఎత్తి చాలాసేపు చూసింది. ముందు చూసింది పేరు కాదు, రాత కాదు. ఊడిపోయిన ముడి, ఎగదోపిన కొంగు, జాకెట్టు పిన్నీసు. "నన్నిలాగ నడిబజార్లో నిలబెట్టేశారేటి..." అని గొణిగింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఫొటోకి సిగ్గేమిటంటారా? మనుషులకి లేనప్పుడు ఎవరో ఒకరు పడాలి కదా.

అక్కడినుంచి నేరుగా చిట్టిబాబు మీదకి వెళ్ళింది. ఎదురుగా మనిషి కనబడేసరికి ఎక్కడ చూశాడో వాడికి గుర్తొచ్చింది.

"అక్కా, నేను తీసిందా ఏంటి? నెట్‌లో ఉందక్కా!"

"ఉంటే? వీధిలో కనబడినవన్నీ పట్టుకుపోతావా?"

"మరి నేను చేసిచ్చిన మీ కొట్టు బోర్డు మీద గుత్తివంకాయ బొమ్మ ఎక్కడిదనుకున్నారు? అదీ అలా తెచ్చిందే. ఎవరిదో ఏమో! నిగనిగలాడుతుందని మీరే మెచ్చుకున్నారుగా."

రత్నం గారి మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. తిరిగి కర్రీ పాయింట్‌కొచ్చి, స్టూలెక్కి, బోర్డు మీది వంకాయలకి తనే సున్నం కొట్టేసింది. ఇంతమందిలో ఆ పని చేసింది ఆవిడొక్కతే అని ఇక్కడ చెప్పుకోవడం నా ధర్మం.

కానీ కూరలు ఎవరు కొంటారు? ఆలోచించి ఆలోచించి ఓ ఉపాయం పన్నింది. మధ్యాహ్నం బస్సుల వేళకి సరిగ్గా నా కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పళ్ళెం నిండా తన వంటే పెట్టుకుని కూర్చుంది. పప్పు, గుత్తివంకాయ, గోంగూర, పైన ఓ గరిటెడు నెయ్యి. అందరూ చూస్తుండగా కడుపారా తింది. తనకి ఏ రోగమూ లేదని కళ్ళారా చూస్తే జనం నమ్ముతారని ఆవిడ ఆశ.

జనం నమ్మారు. పైన నన్ను చూశారు, కింద ఆవిడని చూశారు.

"అబ్బ, ఎంత బాగా పనిచేసిందండీ మందు!" అన్నాడు నిడదవోలు బస్సు కండక్టరు.

మూడో రోజుకి వీర్రాజు గారు ఆవిడ కుర్చీ పక్కనే బల్ల వేయించి చూర్ణం డబ్బాలు పేర్పించారు. నాలుగో రోజు శాలువా పట్టుకొచ్చారు.

రత్నం గారు ఎంగిలిచేత్తోనే లేచి నిలబడింది. "నేనెప్పుడు మింగానండీ మీ పొడి?"

"మింగకపోయినా మింగినట్టే ఉన్నారమ్మా. మాకు కావలసింది అదే కదా" అని ఆయన శాలువా విప్పారు.

ఆవిడ ఏడ్చింది. ఎవరి ముందూ ఏడవని మనిషి బస్టాండులో నిలబడి ఏడ్చింది. కడుపునొప్పి తిరగబెట్టిందేమోనని ఎవరో ఒక డబ్బా మూత తీసి ఇవ్వబోయారు.

పరీక్షల డ్యూటీకి రెండు వారాలుగా వేరే ఊళ్ళో ఉన్న మృదుల అదే సమయానికి బస్సు దిగి నన్ను చూసింది, ఆవిడని చూసింది, నోరు నొక్కుకుంది. ఆ రాత్రికే పోలీసులకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టి, పొద్దున్నే దాని కాపీ వీర్రాజు గారి ముందు పెట్టింది. కన్నీళ్ళకి కదలని మనిషి ఫిర్యాదు నంబరు చూసి కదిలాడు. మధ్యాహ్నానికల్లా నన్ను విప్పి, మడిచి, పురుగుల మందుల గోడౌన్‌లో పడేశారు. మృదుల తను పెట్టిన చోటి నుంచి కూడా నన్ను తీసేసింది. కానీ అప్పటికే నన్ను దాచుకున్న ఫోన్లు ఎన్నో! మొన్న ఇంకో ఊళ్ళో మోకాళ్ళ నొప్పుల తైలానికి కూడా నిలబడ్డాను. చెయ్యి పొట్ట మీద ఉందన్నది వాళ్ళకి అడ్డు రాలేదు.

రత్నం గారి పొయ్యి ఆరలేదు. జనం మళ్ళీ వస్తున్నారు. అయితే 'రత్నం గారి కూర' అని రావడం లేదు, 'చూర్ణంతో బాగుపడినావిడ కూర' అని వస్తున్నారు. పాతికేళ్ళ చేతి పనితనానికి పేరు మళ్ళీ ఇంకొకరికే పోయింది.

అది విని మృదుల తట్టుకోలేకపోయింది. "తప్పు నాదే పిన్నిగారూ. ఒక మంచి ఫొటో తీసి, జరిగిందంతా రాసి పెడతాను. అందరికీ తెలుస్తుంది" అంటూనే ఫోన్ ఎత్తేసింది.

రత్నం గారు మూకుడు మీది మూత తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ముందు అడుగమ్మా."

మృదుల బిక్కచచ్చిపోయింది. ఫోన్ దించి అడిగింది. "ఒక్క ఫొటో తియ్యమంటారా, పిన్నిగారూ?"

"వద్దు" అంది రత్నం గారు, మూత దించి. కోపంగా కాదు, స్థిమితంగానే అంది. అని మళ్ళీ కూర కలపడంలో పడింది.

ఇంత కథ నడిచింది కదా, ఇందులో ఆవిడని ఎవరైనా ఒక మాట అడగడం అదే మొదలు. జవాబు ఒక్క ముక్క. ఆ తాలింపు రోజునే అడిగి ఉంటే అప్పుడూ అదే చెప్పేది, నేను పుట్టేదాన్నే కాదు. నిజం చెప్పమంటారా? అదే బాగుండేది.