గోడ మీది ఉమాశ్రీ

విమలకు రిజిస్ట్రేషన్ వచ్చిందన్న కబురు ఫోన్లో పడేసరికి ఆమె షేర్ ఆటోలో ఇరుక్కుని ఉంది. ఒక పక్క ఎవరిదో కూరగాయల గంప, ఇంకో పక్క డ్యూటీ దిగి కునికిపాట్లు పడుతున్న సెక్యూరిటీ గార్డు. అతని తల భుజం మీద వాలుతుంటే నెట్టే ఓపిక కూడా లేక అలాగే మెయిల్ తెరిచింది. పేరుంది. పేరు పక్కన నంబరుంది. ఎగిరి గంతేయాల్సిన సంగతే. కానీ చేను ఎండిపోయాక పడ్డ వానలా ఆ సంతోషం వచ్చిందే గాని ఏమీ మొలకెత్తించలేదు. "వచ్చిందిలే" అనుకుని, తను పనిచేసే చోటి ఓనరు రామబ్రహ్మం గారికి ఒక ముక్క మెసేజ్ పెట్టి కళ్లు మూసుకుంది.

మనుషుల మనసుకు వైద్యం చేస్తానంటే ఊరికే చేయనివ్వరు. సైకాలజీ ఎమ్మే చదివితే చదివినట్టే గాని వైద్యం చేసే హక్కు వచ్చినట్టు కాదు. ఈ వైద్యులకు నంబర్లిచ్చే కౌన్సిల్ ఒప్పుకున్న కాలేజీలో మళ్లీ సీటు రావాలి. ఆ సీట్లు కరువునాటి గింజల్లాంటివి. వచ్చాక రెండేళ్లు ఆస్పత్రి వార్డుల్లో, పెద్దవాళ్ల కనుసన్నల్లో, కేకలు వేసేవాళ్లతోనూ అసలు నోరే విప్పనివాళ్లతోనూ కూర్చోవాలి. కేసులు రాసి చూపించాలి, థీసిస్ ఒప్పించుకోవాలి, పరీక్ష గట్టెక్కాలి. అంతా అయ్యాక రిజిస్టర్లో పేరెక్కితేనే నంబరు. జహీరాబాద్ పక్క పల్లెలో చెరుకు నరికే ఇంటి పిల్ల అదంతా ఈడ్చుకొచ్చింది. పరీక్ష అయ్యాక నంబరు కోసం ఎదురుచూస్తూ, నానక్‌రామ్‌గూడ ఊరి సందులో, కర్రీ పాయింట్ పైనున్న కౌన్సెలింగ్ సెంటర్లో పని చేస్తోంది. చదువుకు ముందూ ఆమె పని అక్కడే.

ఆ సెంటర్లో ఆమె పేరు విమల కాదు. ఉమాశ్రీ.

అసలు ఉమాశ్రీ విశాఖపట్నంలో ఉంటుంది. ఆమె సర్టిఫికెట్ మాత్రం ఇక్కడ ఫ్రేములో గోడకు ఉంటుంది. నెల తిరిగేసరికి దాని కిరాయి ఆమెకు చేరుతుంది. వచ్చినవాళ్లు ఫ్రేము చూస్తారు, కింద కూర్చున్న మనిషిని చూస్తారు, రెండూ కలిపి "ఉమాశ్రీ మేడమ్" అంటారు. మొదటి వారం విమల వెనక్కి తిరిగి చూసేది, ఎవరిని పిలుస్తున్నారా అని. తర్వాత అలవాటైంది. అరకకు కట్టిన ఎద్దుకు యజమాని ఎవరైతేనేం, దున్నడం తప్పదు.

ఈ ఏర్పాటు సెంటర్ ఓనరు రామబ్రహ్మం గారిది. తెనాలి వైపు మనిషి. హైదరాబాద్ వచ్చిన కొత్తల్లో మెడికల్ షాపులు నడిపాడు. ఫార్మసీ చదివినవాడి సర్టిఫికెట్ గోడ మీద, చదివినవాడు వేరే ఉద్యోగంలో, మందులిచ్చేది మరొకడు. ఆ షాపులు అలాగే నడిచాయి. మనసుకు మందిచ్చే షాపు కూడా అలాగే నడుస్తుందనుకున్నాడు. నడిచింది.

మెట్లెక్కి వచ్చేసరికి ఆయన కాజాల పొట్లం విప్పి కూర్చున్నాడు.

"రామ్మా విమలా, నోరు తీపి చేసుకో. మంచి వేళకొచ్చింది నీ నంబరు. మూసాపేట బ్రాంచికి అన్నీ అయ్యాయి, మెట్రో దిగితే ఎదురుగానే. బోర్డు నీ పేరు మీదే. ఫ్రేము కూడా తెప్పించేశాను, నీ కాగితం బిగించడమే తరువాయి."

విమల చేతిలో కాజా చేతిలోనే ఉంది. బోర్డు మీద తన పేరు. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చినట్టయింది.

"అయితే నేను రోజూ మూసాపేట పోవాల్నా సార్?"

"నువ్వెందుకమ్మా అంత దూరం? నీ పేరెళ్తుంది. నువ్విక్కడే ఉంటావు. ఇక్కడ ఉమాశ్రీ గారికి మంచి పేరొచ్చింది కదా, చేజేతులా పాడుచేసుకుంటామా?"

"మరి అక్కడెవరు?"

మూల కుర్చీలోంచి ఒక సన్నటి పిల్ల లేచి నిలబడింది. "యశస్విని. ఈ ఏడే ఎమ్మే అయ్యింది. సోమవారం నుంచి విమల," అన్నాడు రామబ్రహ్మం.

"నమస్తే అక్కా," అంది యశస్విని. "నిన్నటి సంది ప్రాక్టీస్ చేస్తున్న. హాస్టల్‌ల నన్ను విమలా అని పిలువుమని చెప్పిన. నిన్న పొద్దున పిలిస్తే పలకలే, రాత్రి పలికిన."

నవ్వు రావాల్సిన చోట విమలకు ఆవలింత వచ్చింది. "సార్, ఇది కిరాయికిచ్చేది కాదు. ఏమన్న అయితే రిజిస్టర్ల నా పేరు కొట్టేస్తరు."

"ఏమవుతుందమ్మా? మందు తేడా చేస్తే ప్రాణం పోతుంది. మాట తేడా చేస్తే ఏం పోతుంది? ఉమాశ్రీ గారికి ఇన్నాళ్లుగా ఏమన్నా అయ్యిందా?"

"ఆలోచించి చెప్త సార్."

"చెప్పు చెప్పు. సాయంత్రం పెయింటరొస్తాడు, ఆలోపు చెప్పు చాలు."

సాయంత్రం, షిఫ్టుకు పోయే ముందు, మోషే వచ్చాడు. శేరిలింగంపల్లిలో ఉంటాడు. ఒక పెద్ద కంపెనీలో రాత్రిపూట కంప్యూటర్లు కాపలా కాసే ఉద్యోగం. అతను పనిచేసే ఫ్లోర్‌లోకి ఫోన్ తీసుకుపోనివ్వరు, బయట లాకర్లో పెట్టాలి. నిరుడు ఒక రాత్రి ఊళ్లో తండ్రికి గుండెనొప్పి వచ్చింది. ఫోన్ లాకర్లో మోగి మోగి ఊరుకుంది. తెల్లారి తీసి చూస్తే తండ్రివే అన్ని కాల్సూ. అప్పటికి తండ్రి లేడు. ఆ నాటి నుంచి గేటు దగ్గర కార్డు గీకగానే ఛాతీ మీద ఎవరో రోలు పెట్టినట్టవుతుంది. ఊపిరాడదు. ఈ సంగతి మొదట భార్యకు కూడా సరిగ్గా చెప్పుకోలేదు. ఎనిమిది నెలలుగా ఈ గదిలో, ఉమాశ్రీ మేడమ్‌కు కొద్దికొద్దిగా చెప్పాడు.

"మేడమ్, జర ఒక లెటర్ కావాలె," అన్నాడు కూర్చోకముందే. "రిజిస్టర్ అయినోళ్ల కాడ ఎన్ని నెలల సంది చూపించుకుంటున్ననో రాసిస్తే పగటి షిఫ్టు ఇస్తమన్నరు."

"ఇస్తమన్నరా, చూస్తమన్నరా?"

"చూస్తమన్నరు."

ఇద్దరూ నీరసంగా నవ్వారు. విమల సొరుగు లాగింది. లెటర్‌హెడ్ కాగితాలు, ప్రతిదానికీ అడుగున ఉమాశ్రీ సంతకం ముందే చేసి, విశాఖ నుంచి కొరియర్లో వచ్చినవి. ఇలాంటి లెటర్లు చాలానే రాసిచ్చింది విమల. రాసేటప్పుడు ఒక మాట అడ్డం పెట్టుకునేది. నాకు నంబరు లేదు, ఈ మనిషికి కాగితం కావాలి, ఇంకేం చేయను? ఇవాళ పెన్ను తీసి తేదీ వేశాక ఆ మాట కోసం వెతుక్కుంటే దొరకలేదు. నంబరు పొద్దున్నే వచ్చింది. ఇక ఈ సంతకం అవసరం కాదు, ఒట్టి అబద్ధం.

పెన్ను మూత పెట్టింది.

"మోషే గారూ, కూర్చోండి. నేను ఉమాశ్రీని గాదు."

"అంటే?"

"గోడ మీదున్నామె వేరే. వైజాగ్‌ల ఉంటది. నా పేరు విమల. నేనూ ఆ చదువే చదివిన, కానీ నా పేరు రిజిస్టర్ల ఎక్కింది ఇయ్యాలనే. ఇన్ని రోజులు ఆమె పేరు మీద కూసున్న. తప్పే చేసిన."

మోషే ఫ్రేము వంక చూశాడు, ఆమె వంక చూశాడు. కోపం రావడానికి కూడా కొంత బలం కావాలి. అది కూడదీసుకోవడానికి అతనికి కాసేపు పట్టింది.

"మా ఇంటామె ఆ నంబర్ ఆన్‌లైన్‌ల కొట్టి చూసినంకనే నన్ను ఈడికి పంపింది," అన్నాడు. "మా నాయిన సంగతి నేను ఎవరికి చెప్పిన మరి? ఈడ కూసోని ఏడ్చిన గదా. ఎవరి ముందల ఏడ్చిన?"

"నా ముందలనే."

"నువ్వెవరు?"

మీరు కాస్తా నువ్వయింది. విమల ఒక తెల్లకాగితం మీద తన పేరు, ఫోన్ నంబరు, పొద్దున వచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు రాసి ఇచ్చింది. "కౌన్సిల్‌కు కంప్లైంట్ ఇయ్యాలనిపిస్తే దీని మీద ఇయ్యండి. ఇన్నాళ్లు నా మీద ఇయ్యడానికి నా పేరే లేకుండె."

అతను కాగితం తీసుకుని, లెటర్ లేకుండానే మెట్లు దిగిపోయాడు.

తలుపు అవతల రామబ్రహ్మం అంతా విన్నాడు. లోపలికొచ్చి మోషే కుర్చీలోనే కూలబడ్డాడు.

"ఎంత పని చేశావమ్మా! కూర్చున్న కొమ్మని నరుక్కుంటారా ఎవరైనా? ఆ కుర్రాడికి నెమ్మదిగా ఉంది కదా నీ దగ్గర?"

"ఉంది సార్."

"మరి పేరేదైతే ఏంటండీ!" కోపమొస్తే ఆయనకు అండీలు ఎక్కువవుతాయి. "మీ పల్లెల్లో చెట్టు పసరు ఇచ్చేవాడికి ఏ కౌన్సిలిచ్చిందండీ నంబరు?"

"మా ఊర్ల పసరిచ్చే కిష్టయ్య తాత పసరు పడకపోతే తిట్టనీకి ఆయన ఇల్లు ఏదో ఊరందరికి ఎరుక సార్. ఈడ మనిషి పేరే ఎరుక లేదు."

"అయితే మూసాపేటకు కాగితం ఇవ్వవన్నమాట."

"ఇయ్య సార్."

"ఉమాశ్రీగా ఉండవు, విమలగా ఇవ్వవు. మరి నాకెందుకమ్మా నువ్వు?"

విమల నీళ్ల బాటిల్, చున్నీ, అన్నం డబ్బా సంచిలో వేసుకుంది. మెట్ల మీద యశస్విని ఎదురైంది.

"అక్కా, మరి నేనిప్పుడు ఎవర్ని?" అంది భయంగా.

"యశస్వినివే. ఎంట్రన్స్ రాయి. ఒక్కసారికి రాదు, మళ్ల రాయి."

"ఎన్నిసార్లు?"

"జవాబు తెలిస్తే ఎవ్వరు రాయరు," అని దిగిపోయింది.

తర్వాత రోజులు బాగా లేవు. పెద్ద ఆస్పత్రులకు అనుభవం కాగితం కావాలి. అనుభవమంతా ఉమాశ్రీది. విమల తను పోయే చర్చి పాస్టర్ ఇమ్మాన్యుయేల్ గారిని అడిగితే సండే స్కూల్ గది వారపు రోజుల్లో వాడుకోమన్నాడు. చిన్నపిల్లల కుర్చీలు, గోడకు బైబిలు కథలోని నోవహు ఓడ బొమ్మ. ఎవరూ రాలేదు. ఆమె రోజూ పోయి గది ఊడ్చి, కూర్చుని, వచ్చేది. ఫోన్ మోగితే కౌన్సిల్ నుంచేమో అనుకునేది.

ఒక రోజు మోషే ఫోన్ చేశాడు. ఎక్కడున్నావని మాత్రమే అడిగి పెట్టేశాడు. ఆ సాయంత్రం భార్య ఎవాంజెలిన్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె ఒక దవాఖానలో నర్సు. డ్యూటీ బట్టల్లోనే ఉంది. కూర్చోలేదు.

"కంప్లైంట్ ఇంకా ఇయ్యలే," అంది. "ఇయ్యనని గూడ అనుకోకు."

"అనుకోనమ్మా."

"నీ నంబర్ కొట్టి చూసిన. విమల అనే వచ్చింది. నువ్వే విమలవని నాకెట్ల ఎరుక? ఆధార్ కార్డు చూపియ్యి."

విమల సంచిలోంచి తీసిచ్చింది. ఎవాంజెలిన్ కార్డును దగ్గరికి, దూరానికి పట్టి చూసింది. "ఈ ఫోటో గూడ నీ లెక్క లేదు," అంది.

"ఎవరిది మాత్రం వాళ్ల లెక్క ఉంటది?" అన్నాడు మోషే. అతని కళ్ల కింద నలుపు ఇంకా పెరిగింది.

ఎవాంజెలిన్ కార్డు తిరిగిచ్చి, పిల్లల కుర్చీ లాక్కుని మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. "ఈయన పండుకుంటలేడమ్మా. వేరే డాక్టర్ కాడికి పోదామంటే, మళ్ల ఇంకొకలకు చెప్పాల్నా అంటడు. ఎట్లైనా చెప్పుడే గదా, ఆమెకే చెప్పుమన్న. లెటర్ రాసియ్యి ముందు, ఎనిమిది నెలలది."

"రాస్త. ఎనిమిది నెలలది గాదు, ఇయ్యాల్టిది. నా పేరు మీద ఇయ్యాలనే మొదలు."

"ఇయ్యాల్టిది చూసి పగటి షిఫ్టు ఇస్తరా వాళ్లు?"

"ఇయ్యకపోవచ్చు. కొన్ని నెలలు ఆగుమంటరేమో."

"మరి నువ్వు చేసిన తప్పుకు ఈయన రాత్రులు కాయాల్నా?"

"కాయాల్సొస్తదమ్మా," అంది విమల. ఎవాంజెలిన్ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. నర్సులు రోగి అబద్ధం ఆడుతున్నాడో లేదో చూసే చూపు అది. తర్వాత లేచి, మొగుడి భుజం మీద చెయ్యేసి, "నేను బయట ఉంట," అని తలుపు దగ్గరగా వేసి పోయింది.

మోషే చిన్న కుర్చీలో ఒదగలేక ఒకసారి అటు, ఒకసారి ఇటు జరిగాడు. చివరికి కింద చాప మీద కూర్చున్నాడు. విమల కూడా కుర్చీ వదిలి ఎదురుగా చాప మీదికి దిగింది.

"మళ్ల మొదటి నుంచి చెప్పాల్నా?"

"మొదటి నుంచే. మీకు ఓపిక ఉన్నంత."

"ఓపిక ఏడుంది," అన్నాడు. గోడకు వీపు ఆనించి, షిఫ్టుకు ఇంకా ఎంతసేపుందో లెక్కేసుకుని, ఈసారి తండ్రి ఏం పని చేసేవాడో ముందు చెప్పాడు.